పది వడ్లగింజలు

మన బడి పాత విద్యార్థుల సంచిక కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, "హాస్టలు పులుసు ఒకరు రాస్తున్నారు, వరదొచ్చిన ఏడాది ఒకరు రాస్తున్నారు, లెక్కల మేడమ్ గారి గొడుగు కూడా అయిపోయింది. పి.టి. ఉష పరుగు పాఠం మాత్రం నువ్వే రాయాలి, రెండు పేజీలు" అన్నారు. రెండు పేజీల్లో అది పట్టదని వాళ్ళకీ తెలుసు. ఆరో తరగతి రెండో నెలలో మొదలై పదో తరగతి చివరిదాకా నడిచిన పాఠం. ఏ సిలబస్‌లోనూ లేదు, ఏ పరీక్షలోనూ రాలేదు. అయినా మన బ్యాచ్‌లో ఎవరిని ఇవాళ నిద్రలో లేపి అడిగినా "నలభై అయిదు, ముప్ఫై అయిదు, నలభై" అని ఠక్కున చెబుతారు.

ఆ పాఠం చెప్పిన ఆటల మాస్టారి పేరు రాయడం లేదు. తన పేరు కాగితం మీద కనబడటం ఆయనకు ఇష్టముండదని మీకు తెలుసు. సున్నం డబ్బా అంటే చాలు, ఎవరో మీకు తెలుస్తుంది.

1984 ఆగస్టు 8న లాస్ ఏంజిలిస్‌లో ఆడవాళ్ళ 400 మీటర్ల హర్డిల్స్ (అడ్డుకమ్మీలు దాటుతూ పరుగెత్తే పోటీ) ఫైనల్ జరిగింది. మనకప్పటికి 9వ తేదీ. ఒలింపిక్స్‌లో ఆ పోటీ పెట్టడం అదే మొదటిసారి. పేపరు చేతికొచ్చిన రోజు మాస్టారు వరండా చివరి నల్లబల్ల మీద నాలుగు పేర్లు రాశారు. మొరాకో అమ్మాయి నవాల్ ఎల్ ముతవకిల్ 54.61. అమెరికా జూడీ బ్రౌన్ 55.20. రుమేనియా క్రిస్టియానా కొజొకారు 55.41. నాలుగోది పి.టి. ఉష, 55.42. ఆ నాలుగో వరస కింద గీత గీశారు. మూడు పేర్లూ వానజల్లుకి పోయాయి. నాలుగోది పోయినప్పుడల్లా ఆయనే మళ్ళీ రాసేవారు.

"400ని 55.42తో భాగించండి" అన్నారు ఆరో తరగతి పిల్లల్ని. సెకనుకు 7.2 మీటర్లు. నూరోవంతు సెకనుకు 7.2 సెంటీమీటర్లు. నాలుగు వేళ్ళూ దగ్గరగా చేర్చి నల్లబల్లకు ఆనించి, "బెత్తెడు" అన్నారు. అది సగటు వేగం లెక్క అనీ, చివర్లో కాళ్ళు బరువెక్కుతాయి కనక నిజానికి ఏడుకు ఓ పిసరు తక్కువే ఉంటుందనీ తర్వాత ఆయనే సవరించారు. ఆ రోజు నుంచి పాఠమంతా ఒక్కటే ప్రశ్న. ఆ బెత్తెడు ఎక్కడ పోయింది?

మొదట అందరూ చెప్పిన జవాబు ఫౌల్ స్టార్టు. ఫైనల్లో తుపాకీ పేలకముందే పక్కవాళ్ళొకరు కదిలారు. అందరినీ వెనక్కి పిలిచి మళ్ళీ నిలబెట్టారు. రెండోసారి ఉష బ్లాకుల (పరుగు మొదట్లో పాదాలు ఆనించి తోసుకునే దిమ్మెలు) మీద నుంచి కాస్త ఆలస్యంగా లేచిందని ఆ పరుగు చూసినవాళ్ళు చెబుతారు. అప్పటి నియమం ప్రకారం ఎవరైనా ఒకసారి తప్పు చేయొచ్చు, అదే మనిషి రెండోసారి చేస్తేనే బయటికి. 2003లో దాన్ని మార్చి మొత్తం వరసకు ఒక్క తప్పే అన్నారు. 2010 నుంచి అదీ లేదు, కదిలినవాళ్ళు అక్కడికక్కడే బయటికి. మాస్టారు ఇందులో ఎవరి తప్పూ ఎంచలేదు, సాధన ఎక్కడ తక్కువైందో మాత్రం చూశారు. వెనక్కి పిలిచిన తర్వాత ఏం చేయాలన్నది కూడా నేర్చుకోవాల్సిన పనే అన్నారు. అందుకే మన స్టార్టుల్లో మూడింట ఒకటి కావాలని పాడుచేసేవారు. విజిల్ వేసి వెనక్కి పిలిచాక బ్లాకుల దగ్గర వంగి నిలబడకూడదు, మోకాళ్ళ మీద చేతులు పెట్టకూడదు. పది అడుగులు వెనక్కి నడవాలి, కాళ్ళు విదిలించాలి, ఒకసారి రెండు మోకాళ్ళూ పొట్టదాకా ఎత్తి దింపాలి, అప్పుడు తిరిగి రావాలి. మొదటిసారి బిగిసిన కండరం వదులు కాకుండా మళ్ళీ బిగిస్తే రెండోసారి తోపు తగ్గుతుంది. "సెట్" అన్నాక విజిల్ ఒక్కోసారి ఒక సెకనుకు వేసేవారు, ఒక్కోసారి రెండు సెకన్లు దాటాక. శబ్దం ఎప్పుడొస్తుందో ఊహించిన వాడు ఓడిపోతాడని దానర్థం.

బ్లాకులంటే మనకు వెదురుముక్కలూ మేకులే. కొలత మాత్రం అసలుదే. గీత నుంచి ముందు బ్లాకు రెండు పాదాలు, వెనక బ్లాకు మూడు పాదాలు. "సెట్" అన్నప్పుడు తుంటి భుజాల కన్నా కాస్త పైకి లేవాలి. ముందు మోకాలు దాదాపు లంబకోణం, వెనక మోకాలు అంతకంటే తెరుచుకుని ఉండాలి. వెనక మోకాలు పూర్తిగా చాపేస్తే తోయడానికి ఏమీ మిగలదు. 400 పరుగు వంపులో మొదలవుతుంది కనక బ్లాకులు లేన్‌కి కుడి అంచున, ఎడమ గీతను తాకే దిక్కుకు తిప్పి పెట్టాలి. అప్పుడు మొదటి కొన్ని అంగలు తిన్నగా పడతాయి. నడిమధ్య పెడితే రెండో అంగ నుంచే వంపు తిరగాల్సి వస్తుంది, వేగం పుట్టకముందే చస్తుంది. చెరువు గట్టు మలుపులో మొదటి వారం మనవాళ్ళు పడిపోయింది అందుకే.

రెండో జవాబు తిండి. లాస్ ఏంజిలిస్ క్రీడాగ్రామంలో తనకు సరిపడే భోజనం దొరక్క గంజన్నం, మామిడికాయ ఊరగాయతో గడిపానని, చివరి మీటర్లలో దాని ప్రభావం పడిందని ఉష తర్వాతి కాలంలో చెప్పుకుంది. అది బయటికి వచ్చేసరికి మన బడి రోజులు అయిపోయాయి. కానీ పరుగుకు మూడు గంటల ముందు అన్నం, గంట ముందు అరటిపండు, ఆ తర్వాత గుటకలు గుటకలుగా నీళ్ళు అని మాస్టారు పెట్టిన పట్టీ ఆ రోజుల్లోనే ఉంది. ఒక్క నిమిషం లోపు పరుగుకు కండరంలో ముందే దాచుకున్నదే పెట్టుబడి. అదే రోజు తిన్నది అంతగా కలిసిరాదు, ఆ వారమంతా తిన్నది కలిసొస్తుంది. హీటు (తొలి వడపోత పరుగు), సెమీఫైనలు, ఫైనలు వరసగా పరుగెత్తాల్సిన మనిషికి మధ్యరోజుల తిండే ముఖ్యం. ఉష హీటులో 56.81, సెమీఫైనల్లో 55.54 చేసింది. ఆ సెమీఫైనల్లో మొదట వచ్చింది తనే, తర్వాత వెండి పతకం తీసుకున్న జూడీ బ్రౌన్ ఆమె వెనకే. ఆ సమయం అప్పటికి కామన్వెల్త్ రికార్డు. అంటే ఫైనల్లో పరుగు చెడలేదు, సెమీఫైనల్ కన్నా మెరుగే. ఇది మాస్టారు పదేపదే చెప్పేవారు. ఓడిన పరుగు చెడ్డ పరుగు అనుకోవడం ఆయనకు అస్సలు గిట్టేది కాదు.

మూడో జవాబు హర్డిళ్ళు. అయిదేళ్ళలో నాలుగేళ్ళు దీనికే పోయాయి.

మన ట్రాకు 200 మీటర్లు. తిన్నని భాగాలు ఒక్కోటి 42 మీటర్లు, వంపు గీయడానికి కేంద్రం నుంచి తాడు 18 మీటర్ల 26 సెంటీమీటర్లు. లోపలి గీతకు 20 సెంటీమీటర్ల అవతల పరుగెత్తుతామని లెక్క కట్టి, 200 లోంచి 84 తీసేసి, మిగిలిన 116ని వంపులకు పంచితే వచ్చిన కొలత అది. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. బయటి లేన్ వంపు పొడవు కనక, ఒక చుట్టుకు ఒక్కో బయటి లేన్ వాళ్ళని దాని లోపలి లేన్ కన్నా 7 మీటర్ల 66 సెంటీమీటర్లు ముందు నిలబెట్టాలి. ట్రాకు పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా మారదు, లేన్ వెడల్పు ఒక్కటే దాన్ని నిర్ణయిస్తుందని తొమ్మిదో తరగతిలో మాస్టారు నిరూపించి చూపిస్తే లెక్కల మేడమ్ గారు వచ్చి చూశారు. లోపల గట్టు కట్టిన పెద్ద స్టేడియాల్లో మొదటి లేన్‌ని 30 సెంటీమీటర్ల దగ్గర కొలుస్తారు కనక రెండో లేన్‌కి మాత్రం 7.04 వస్తుంది.

400 మీటర్ల హర్డిల్స్‌కి 10 హర్డిళ్ళు. గీత నుంచి మొదటిదానికి 45 మీటర్లు, ఒకదానికొకటి 35, చివరిదాని నుంచి ముగింపుకు 40. ఎత్తు 76.2 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా రెండున్నర అడుగులు. 200 మీటర్ల ట్రాకులో ఇవి పట్టవు. రెండో చుట్టులో రావాల్సిన హర్డిళ్ళు 20, 55, 90, 125, 160 మీటర్ల దగ్గర పడతాయి, మొదటి చుట్టులోనే అడ్డొస్తాయి. అందుకే సోమవారం మొదటి అయిదు, గురువారం చివరి అయిదు. గురువారం మొదటి చుట్టు పక్క లేన్‌లో ఖాళీగా పరుగెత్తి, అలసిన కాళ్ళతో లేన్ మారి అయిదూ దాటాలి. గురువారం అంటే ఎందుకు భయమో కొత్త బ్యాచ్‌లకు తెలియకపోవచ్చు, మనకు తెలుసు.

ఇక అంగల లెక్క. హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య 35 మీటర్లున్నా, దాటి దిగేది ఒక మీటరు అవతల, మళ్ళీ ఎగిరేది తర్వాతిదానికి రెండు మీటర్ల ఇవతల. పరుగుకు మిగిలేది 32. దాన్ని 15 అంగల్లో తీస్తే అంగ 2.13 మీటర్లు. 16 అంగలైతే సరిగ్గా 2 మీటర్లు. 17 అయితే 1.88. బేసి అంగలు వేస్తే ప్రతిసారీ ఒకే కాలు ముందు పోతుంది. సరి అంగలైతే ముందుకాలు మారుతుంది. ఏడో హర్డిల్ దగ్గరికి వచ్చేసరికి అలసటతో అంగ కుంచించుకుపోతుంది, 15 అందవు. ఒక్క అంగ పెంచి 16 చేయాలంటే రెండో కాలితో దూకడం వచ్చి ఉండాలి. రానివాళ్ళు 15 నుంచి నేరుగా 17కి దిగాలి, అంటే అంగను ఒక్కసారిగా పాతిక సెంటీమీటర్లు కుదించాలి. లేదంటే హర్డిల్ ముందు తడబడుతూ చిన్న అడుగులు వేయాలి. బెత్తెళ్ళు కాదు, గజాలు పోయేది అక్కడే.

వంపులో ఎడమకాలు ముందుంటే లాభం. లేన్‌లో ఎడమ గీతకు దగ్గరగా పోవచ్చు, దిగగానే వంపులోనే ఉంటాం. కుడికాలు ముందు పెట్టి గీతకు మరీ దగ్గరగా పోతే వెనక వచ్చే ఎడమకాలు హర్డిల్ పక్క నుంచి, కమ్మీ కన్నా కిందుగా పోయే ప్రమాదముంది. అలా పోతే పోటీ నుంచి తీసేస్తారు. అందుకని కుడికాలి వాళ్ళు లేన్ నడుమకు జరిగి పరుగెత్తాలి, ఆ మేరకు దూరం పెరుగుతుంది. మొదటి హర్డిల్‌కి 23 అంగలు వేసేవాళ్ళు, ఎడమకాలు ముందు పోవాలంటే ముందు బ్లాకులో ఎడమ పాదమే పెట్టాలి. 22 అంగలైతే కుడి పాదం. ఇది తప్పుగా పెట్టుకుని, మొదటి హర్డిల్ దగ్గర కాలు కుదరక ఆగిపోయినవాళ్ళు మన జిల్లా పోటీల్లో ప్రతి ఏడాదీ కనబడేవాళ్ళు. మన బడి పిల్లలు ఒక్కళ్ళూ ఆగలేదు.

హర్డిల్‌ని దూకకూడదు, దాటాలి. ముందుకాలు ఎత్తేటప్పుడు మోకాలు ముందు లేవాలి, పాదం తర్వాత. కాలు చాచి పైకి విసిరితే ఒళ్ళంతా పైకి లేస్తుంది, గాల్లో ఎక్కువసేపు ఉంటాం. గాల్లో ఉన్నంతసేపూ వేగం తగ్గడమే తప్ప పెరగడం ఉండదు. వెనక కాలు పక్క నుంచి తిరిగి చంక కింద దాకా వచ్చి ముందుకు పడాలి. కిందకి వేలాడితే కమ్మీకి మడమ తగులుతుంది. దిగిన పాదం తుంటి కిందే పడాలి, ముందు పడితే బ్రేకు వేసినట్టే. మాస్టారు ముందు 50 సెంటీమీటర్ల ఎత్తులో నడిపించారు, ఒక్కో కాలికి పదేసి సార్లు. తర్వాత 60. నాలుగు నెలల తర్వాతే 76. నడకలో కుదరనిది పరుగులో కుదరదనేవారు.

1985లో ఉష కాన్‌బెర్రా ప్రపంచ కప్‌లో మామూలు 400 మీటర్లను 51.61 సెకన్లలో పరుగెత్తింది. ఆ వార్త వచ్చాక మాస్టారు నల్లబల్ల మీద తీసివేత వేశారు. 55.42 లోంచి 51.61 పోతే 3.81. హర్డిళ్ళు బాగా సాధన చేసినవాళ్ళకు ఈ తేడా రెండున్నర నుంచి మూడు చిల్లర ఉంటుంది. అంటే ఆ అమ్మాయి కాళ్ళలో పతకం కన్నా ఎక్కువ వేగమే ఉంది, హర్డిళ్ళ మీద సాధనకు మాత్రం సమయం చాలలేదు. ఆమె పుట్టుకతో 100, 200 మీటర్ల మనిషి. 400 హర్డిల్స్‌ని చేపట్టి ఒలింపిక్ ఫైనల్‌కి వెళ్ళింది కొద్ది కాలంలోనే. 3.81ని పదితో భాగిస్తే ఒక్కో హర్డిల్‌కి 0.381 సెకను. అందులో ఒక్కో దాని దగ్గర వెయ్యోవంతు సెకను మిగిలి ఉంటే పది హర్డిళ్ళకీ కలిపి నూరోవంతు. వెయ్యోవంతు సెకనులో కదిలే దూరం ఏడు మిల్లీమీటర్లు. మాస్టారు జేబులోంచి వడ్లగింజ తీసి స్కేలు పక్కన పెట్టారు. దాని పొడవూ దాదాపు అంతే. "బెత్తెడు ఒక్కచోట పోలేదర్రా. పది చోట్ల పది గింజలు పోయాయి" అన్నారు.

ఆ రోజే ఒకరికి వడ్లగింజ అని పేరు పడింది. ఈ సంచిక చదువుతూ అతను నవ్వుతుంటాడు.

నాలుగో జవాబు ముగింపు గీత. తల, మెడ, చేతులు, కాళ్ళు, పాదాలు లెక్కలోకి రావు. మొండెం ఎప్పుడు గీతకు ఇవతలి అంచు మీదికి వచ్చిందన్నదే లెక్క. కొజొకారు ఛాతీ ముందుకు వేసిందని, ఉష నిటారుగా పరుగెత్తిందని ఫోటో చూసినవాళ్ళు అంటారు. ఛాతీ వేయడం చివరి అంగలోనే జరగాలి. రెండు మీటర్ల ముందే వంగితే అంగ తెగుతుంది, లాభం కన్నా నష్టం ఎక్కువ. పదో హర్డిల్ తర్వాత మిగిలే 40 మీటర్లు దాదాపు ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్లలో కళ్ళు మసకబారుతాయి, చేతులు రాయవుతాయి. ఎన్నో అంగ చివరిదో తెలియాలంటే ఆ 40 మీటర్లనూ విడిగా వందసార్లు పరుగెత్తి ఉండాలి. మన గురువారాల చివర అరటిచెట్టు నుంచి తాడు దాకా పరుగెత్తించినవి అవే.

ఉష బతుకంతా ఆ ఒక్క పరుగు కాదని ఇంకో మాట ఆయన ఎప్పుడూ చెప్పేవారు. కోళికోడ్ జిల్లాలో 1964లో పుట్టింది. కేరళ ప్రభుత్వం కన్నూరులో అమ్మాయిల కోసం క్రీడా విభాగం పెట్టినప్పుడు మొదటి నలభై మందిలో ఒకరు. అక్కడ ఒ.ఎం. నంబియార్ కంట పడింది. ఆయన వైమానిక దళంలో పనిచేసి వచ్చిన మనిషి. పయ్యోలి సముద్రపు ఒడ్డు ఇసుకలో పరుగెత్తించేవారు. పొడి ఇసుకలో పిక్కలు, చీలమండలు గట్టిపడతాయి. కానీ పాదం ఎక్కువసేపు నేలలో ఉండిపోతుంది, అందుకని వేగానికి అది పనికిరాదు, నీటి అంచున గట్టి ఇసుక కావాలి. రోజూ పొడి ఇసుకే అయితే మడమ వెనక స్నాయువు (కండరాన్ని ఎముకకు కట్టే పట్టీ) దెబ్బతింటుంది. మనవాళ్ళని కాలవ ఇసుకలో వారానికి ఒక్కరోజే, అదీ చెప్పులు లేకుండా పరుగెత్తించింది అందుకే. 1980 మాస్కోలో పదహారేళ్ళకు 100 మీటర్లలో దిగింది, 12.27 చేసి హీటులోనే ఆగింది. 1982 ఢిల్లీ ఆసియాడ్‌లో 100, 200 రెండింటిలో వెండి. 1983 కువైట్ ఆసియా పోటీల్లో 400కు బంగారం. లాస్ ఏంజిలిస్‌లోనే వల్సమ్మ, వందనా రావు, షైనీ అబ్రహాంలతో కలిసి 4×400 రిలే ఫైనల్‌కి వెళ్ళి ఏడో స్థానంలో వచ్చారు. ఆ రిలే గురించి ఎవరూ మాట్లాడరని మాస్టారికి బాధ.

1985 జకార్తాలో ఆమె చేసింది ఇప్పటికీ నమ్మశక్యం కాదు. 100, 200, 400, 400 హర్డిల్స్, 4×400 రిలే, అన్నిటా బంగారం. పైగా 4×100 రిలేలో కంచు. 100కు కావాల్సిన పేలుడు వేరు, 400 హర్డిల్స్‌కి కావాల్సిన ఓపిక వేరు. రెండూ ఒకే వారంలో ఒకే ఒంట్లో ఉండటం ఎంత కష్టమో సోమవారం స్టార్టులూ గురువారం హర్డిళ్ళూ చేసిన కాళ్ళకు తెలుసు. 1986 సియోల్ ఆసియాడ్‌లో భారత్‌కి వచ్చినవి మొత్తం అయిదు బంగారాలు. వాటిలో నాలుగింటిలో ఉష ఉంది. మరొకటి మల్లయోధుడు కర్తార్ సింగ్‌ది. 100 మీటర్లలో మాత్రం ఫిలిప్పీన్స్ లిడియా డి వేగా వెనక రెండో స్థానం. ఆ ఏడాది వరద కనక మన గ్రౌండు నీళ్ళలో ఉంది, తరగతులన్నీ వరండాలోనే. ఏడు, ఎనిమిది తరగతుల్లో ఇంకేం జరిగిందో రాయడానికి వేరేవాళ్ళు ఉన్నారు.

1988 సియోల్ ఒలింపిక్స్‌కి ఉష మడమ గాయంతో వెళ్ళింది. హీటులో ఏడో స్థానం. దేశమంతా ఆమెను నానా మాటలూ అన్న రోజులవి. మాస్టారు ఆ మర్నాడు నల్లబల్ల మీద మడమ బొమ్మ వేసి, పిక్క కండరం కింద స్నాయువుగా మారి మడమ ఎముకకు ఎలా అతుక్కుంటుందో చూపించారు. ప్రతి హర్డిల్ దిగేటప్పుడు ఒంటి బరువుకు కొన్ని రెట్ల దెబ్బ ఆ ఒక్కచోట పడుతుంది, పదిసార్లు. నొప్పితో పరుగెత్తేవాళ్ళు తెలియకుండానే పాదం పక్కకు వేస్తారు, అంగ తగ్గుతుంది, లెక్క మొత్తం పోతుంది. "ఆ అమ్మాయి పరుగెత్తకుండా ఉండాల్సింది కాదు, పరుగెత్తించకుండా ఉండాల్సింది" అన్నారు. ఆ గంటంతా ఇంకెవరూ మాట్లాడలేదు.

మనం బడి వదిలాక ఉష కథను మాస్టారు ఉత్తరాల్లో అడిగి తెలుసుకునేవారు. 1989 ఢిల్లీ ఆసియా పోటీల్లో నాలుగు బంగారాలు. 1990 బీజింగ్‌లో మూడు వెండి. పెళ్ళి, బిడ్డ, విరామం. 1998 ఫుకువోకాలో ముప్ఫై నాలుగేళ్ళ వయసులో రచితా మిస్త్రీ, షైలా, సరస్వతీ సాహాలతో 4×100 రిలేలో బంగారం, 44.43 సెకన్లు. 2000లో విరమణ. ఆ తర్వాత కినాలూరులో పిల్లల కోసం శిక్షణ కేంద్రం. 2022 నుంచి రాజ్యసభలో ఉంది, అదే ఏడాది చివర భారత ఒలింపిక్ సంఘానికి అధ్యక్షురాలయింది.

ఫోటో ఫినిష్ తెర ముందు కూర్చునే పని మన బ్యాచ్‌కి దక్కింది కనక మాస్టారి లెక్కకు ఒక్క మాట కలపాలి. ఆ కెమెరా సన్నని చీలిక గుండా గీతను మాత్రమే చూస్తుంది. బొమ్మలో అడ్డంగా కనబడేది దూరం కాదు, కాలం. మొండెం అంచు మీద నిలువు గీత ఆనించి వెయ్యోవంతు దాకా చదువుతాం. ప్రకటించేటప్పుడు నూరోవంతుకు పైకి సర్దాలి. 55.401 నుంచి 55.410 దాకా ఏదైనా 55.41 అవుతుంది, 55.411 నుంచి 55.420 దాకా ఏదైనా 55.42. కాబట్టి ఆ ఇద్దరి మధ్య అసలు తేడా వెయ్యోవంతు సెకను కావొచ్చు, పందొమ్మిది వెయ్యోవంతులూ కావొచ్చు. దూరంలో చెబితే ఒక్క వడ్లగింజ మొదలు రెండు బెత్తెళ్ళ లోపు. ఇది మాస్టారికి చెప్పినప్పుడు చాలాసేపు ఊరుకుని, "ఒక్క గింజ కూడా కావొచ్చా" అని అడిగారు.

2023 అక్టోబరు 2న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల హీటులో తమిళనాడు అమ్మాయి విద్యా రామ్‌రాజ్ 55.42 చేసింది. ముప్ఫై తొమ్మిదేళ్ళ తర్వాత అవే అంకెలు, ఒక్క నూరోవంతు అటూ ఇటూ లేకుండా. ఫైనల్లో 55.68తో కంచు. ఆ హీటుకు ముందురోజు అదే ట్రాకు మీద మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. ఆ పోటీ లెక్క వేరు. హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు, మొదటిదానికి 13 మీటర్లు, మధ్య 8.5, చివర 10.5, మధ్య మూడే అంగలు. పక్క లేన్‌లో చైనా అమ్మాయి తుపాకీకి ముందే కదిలింది. జ్యోతిని కూడా బయటికి పంపబోయారు. ఆమె ఒప్పుకోలేదు, తెర మీద చూడమంది. చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. జ్యోతి 12.91 చేసింది, ఆ తర్వాత చైనా అమ్మాయిని తీసేసి జ్యోతికి వెండి ఇచ్చారు. వెనక్కి పిలిచి, గొడవ జరిగి, ఒళ్ళు చల్లబడ్డాక అలా పరుగెత్తడం చూసి మాస్టారికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. మర్నాడు పొద్దున్నే ఆయనే ఫోన్ చేసి, "పది అడుగులు వెనక్కి నడిచిందా, చూశావా" అన్నారు. మరుసటి ఏడాది పారిస్‌లో ఆమె ఈ పోటీకి ఒలింపిక్స్ దాకా వెళ్ళిన మొదటి భారతీయురాలయింది.

వడ్లగింజ ఇప్పుడు పిల్లలకు కోచ్. ఇద్దరు పీఈటీలయ్యారు, ఒకరు రైల్వేలో ఉన్నారు. గురువారాలంటే జ్వరం తెచ్చుకున్న మనిషి ఫిజియోథెరపిస్టు, మడమలే చూస్తుంది. ఎక్కడివాళ్ళక్కడ బాగున్నారు.

కలుసుకునే రోజుకి పాత ట్రాకు గీయిస్తామని కమిటీ అంది కనక కొన్ని సంగతులు. నూలు తాడు వాడొద్దు, మంచుకి తడిస్తే కుంచించుకుపోతుంది, 18.26 కాస్తా 18 అవుతుంది. ఇనుప తీగైనా స్టీలు టేపైనా తీసుకోండి. రెండు కేంద్రాల మధ్య 42 మీటర్లు ముందు కొలిచి మేకులు కొట్టాకే వంపు తిప్పండి. గీతలకు ముగ్గుపిండి చాలు, నీళ్ళు తగలని ముడిసున్నం వేస్తే చెమట పాదాలు కాలతాయి. హర్డిళ్ళు పెడితే వాటి కాళ్ళు పరుగెత్తుకొచ్చేవాళ్ళ వైపు ఉండాలి. తగిలినప్పుడు ముందుకు పడిపోవాలి. తిప్పి పెడితే పడవు, మనుషులు పడతారు. మన పిల్లలు కూడా వస్తారు కనక ఎత్తు 50 సెంటీమీటర్లకు మించొద్దు. మొదటి హర్డిల్ గీత నుంచి 45 మీటర్ల దగ్గర.

మాస్టారు వస్తానన్నారు. కొలిచి చూస్తారు.